మంత్రిగారూ, ఆ 50 గ్రాముల గురించి

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి,

నేను 29 ఏళ్ళు ప్రభుత్వ బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. సర్వీసు ఎక్కువ భాగం కనిగిరి, పొదిలి చుట్టుపక్కలే గడిచింది. చివరి ఎనిమిదేళ్ళు మా హైస్కూల్లో మధ్యాహ్న భోజనం చూసుకునే పని నాకు అప్పగించారు. ప్రార్థన కాగానే వంటషెడ్డు దగ్గరికి వెళ్ళి, ఆ రోజు వచ్చిన కూరగాయలు తూకం వేయించి, రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేదాన్ని. అయిదో తరగతి దాకా తలకి 50 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది దాకా 75. దేశమంతటికీ కేంద్రం వేసిన లెక్క అది. 50 గ్రాములంటే ఒక చిన్న టమాటా. మూడు, నాలుగు, అయిదు తరగతులు మా బడిలో కలిశాక 120 మంది చిన్నపిల్లలకి ఆరు కిలోల కూరగాయలు వచ్చేవి. ఆరు కిలోల సొరకాయ పెద్ద గుండిగలో, సాంబారులో పడ్డాక గరిటెకి ఒక ముక్క వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. "అడుగునుంచి తోడి పొయ్యి ఆయమ్మా" అని వరసలో వెనకున్న పిల్లలు అడగడం నాకింకా వినిపిస్తుంది.

ఆ 50 గ్రాముల గురించే ఈ ఉత్తరం.

భోజనం బాగోలేదని ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. గుడ్డు వచ్చింది, రాగి జావ వచ్చింది, చిక్కీ వచ్చింది, సన్నబియ్యం వచ్చింది. పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చి రెండో పీరియడ్లో కళ్ళు తిరిగి కూర్చుండిపోయే పిల్లల సంఖ్య జావ వచ్చాక తగ్గడం నా కళ్ళతో చూశాను. కానీ మెనూ గురించి మాట వచ్చినప్పుడల్లా బియ్యం ఏ రకం, గుడ్లు ఎన్ని అనే చర్చ నడుస్తుంది. కూర ఎంత, అందులో ఏముంది అని ఎవరూ అడగరు. తల్లిదండ్రులూ అడగరు, తనిఖీకి వచ్చినవాళ్ళూ అడగరు. అడగకపోవడానికి కారణం కూడా ఉంది. అన్నం తక్కువైతే ఆ పూటే తెలుస్తుంది. మాంసకృత్తులు తక్కువైతే ఏడాదికి తెలుస్తుంది, పిల్లవాడు ఎదగడు. కూర తక్కువైన సంగతి నలభయ్యేళ్ళ తర్వాతగానీ తెలియదు. అప్పటికి ఆ పిల్లవాడు మన రిజిస్టర్లో ఉండడు, ఆస్పత్రి రిజిస్టర్లో ఉంటాడు.

భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉందనీ, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారనీ, పెద్దవాళ్ళలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు ఉందనీ అందులో తేలింది. అంతకంటే నన్ను కుదిపింది 2016-18లో జరిగిన పిల్లల పోషకాహార సర్వే. బడి ఈడు పిల్లల్లో పదిమందికి ఒకరి రక్తంలో చక్కెర అప్పటికే ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉంది. నా తరగతి గదిలో 40 మంది కూర్చునేవాళ్ళు. అంటే అందులో నలుగురు. ఆ నలుగురు ఎవరో నాకు తెలియకుండానే నేను వాళ్ళకి క్లోమం బొమ్మ వేసి, ఇన్సులిన్ పాఠం చెప్పాను.

కూరకీ ఈ జబ్బులకీ ఉన్న సంబంధాన్ని తరగతిలో చెప్పినట్టే మీకు చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. మొక్కకి కాళ్ళు లేవు. పురుగు వచ్చి మీద పడితే పారిపోలేదు, ఎండ మండితే నీడకి పోలేదు. అందుకని తనకి కావలసిన మందులన్నీ తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. కాకర చేదు, వంకాయ వగరు, ఆవాల ఘాటు, వెల్లుల్లి వాసన, నేరేడు నలుపు, గోంగూర కాడ ఎరుపు అన్నీ అవే. మొక్క రసాయనాలు అంటాం, ఇంగ్లీషు మాటలో ఫైటోకెమికల్స్. ఇవి విటమిన్లు కావు. విటమిన్ లేకపోతే కొన్ని నెలల్లో జబ్బు బయటపడుతుంది. ఇవి లేకపోయినా మనిషి బతుకుతాడు, తిరుగుతాడు, పని చేసుకుంటాడు. కానీ ఏళ్ళ తరబడి ఇవి లోపలికి వెళ్తున్న ఒంటికీ వెళ్ళని ఒంటికీ తేడా ఉంటుందని చాలా పరిశోధనలు సూచిస్తున్నాయి.

అదెలా జరుగుతుందనేది నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం. పురుగుని తరమడానికి మొక్క చేసుకున్న ఘాటు మన కణానికి కూడా కాస్త విషమే. కానీ చాలా కొద్ది విషం. మన కణాల్లో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీను ఉంటుంది. మామూలప్పుడు ఇంకో ప్రొటీను దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. క్యాబేజీ, ముల్లంగి, ఆవాల జాతి ఘాటు తగలగానే ఆ పట్టు సడలుతుంది. విడుదలైన ప్రొటీను కేంద్రకంలోకి వెళ్ళి, విషాలను విరిచే ఎంజైములు తయారుచేసే జన్యువులను నిద్రలేపుతుంది. చిన్న శత్రువు వచ్చిపోవడంతో ఇల్లంతా తలుపులు బిగించుకున్నట్టు. ఆ కుటుంబంలో పేరు మోసిన సల్ఫోరఫేన్ అనే పదార్థాన్ని 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ టాలలే బృందం బ్రకోలీ నుంచి వేరుచేసింది. మా కనిగిరి సంతలో బ్రకోలీ దొరకదు. కానీ దాని చుట్టాలే క్యాబేజీ, ముల్లంగి. మునగాకులోనూ ఆ తరగతి పదార్థాలు ఉన్నాయి, మునగ చెట్టు లేని వీధి మా వైపు ఉండదు.

తోటకూర దారి వేరు. అది నేలలోని నైట్రేట్‌ని పీల్చి ఆకులో దాచుకుంటుంది. మనం నమిలినప్పుడు కాదు, తిన్న తర్వాత అసలు కథ మొదలవుతుంది. రక్తంలోకి వెళ్ళిన నైట్రేట్ మళ్ళీ లాలాజలంలోకి ఊరుతుంది, నాలుక మీదున్న బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, మింగాక అది నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. దాని పని రక్తనాళాల గోడల్ని సడలించడం. బీపీ కాస్త దిగుతుంది. నువ్వుల్లోని లిగ్నాన్లలో కొన్నిటినేమో పెద్దపేగులోని బాక్టీరియా మార్చి ఇస్తేనే అవి ఒంటికి బాగా ఎక్కుతాయి. అంటే కూర తినేది మనం ఒక్కళ్ళమే కాదు. మన లోపల కాపురముంటున్న కోటానుకోట్ల జీవులు కూడా తింటాయి, అవి వండి పెట్టింది మళ్ళీ మనం తింటాం. ఆ జీవుల కాపురం చిన్నతనంలోనే కుదురుకుంటుంది. నేను బడి భోజనం గురించే పట్టుబట్టడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ ఉత్తరంలో నిజాయితీ ఉండదు.

మావారికి 46వ ఏట షుగరు బయటపడింది. డాక్టరు మాత్రలు రాశారు, తిండి మార్చమన్నారు. మాత్రలు తెచ్చుకున్నాం, తిండి మార్చలేదు. మధ్యాహ్నం రెండు గరిటెల తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, పచ్చడి, పెరుగు. కొన్నాళ్ళకి తెలిసినాయన ఒకరు నేరేడు గింజల పొడి తెచ్చి ఇచ్చారు. తర్వాత కాకర మాత్రలు, ఆ తర్వాత పసుపు సారం మాత్రలు. డబ్బా మీద పచ్చటి ఆకుల బొమ్మ, నెలకి రెండు వేల పైన ఖర్చు. ఆ డబ్బాలు ఉన్నాయన్న ధైర్యంతో మావారు డాక్టరు రాసిన మాత్రలు ఆర్నెల్లు మానేశారు. జీవశాస్త్రం చెప్పే నేను అడ్డు చెప్పలేదు, ఎందుకంటే నేనూ నమ్మాను. మొక్కలోంచి వచ్చిందే కదా అనుకున్నాను. ఆయనకి కుడికన్ను చూపు పోయింది. ఆ రెండు వేలతో నెలంతా ఇంటిల్లిపాదికీ కావలసినంత ఆకుకూర, కూరగాయలు, పండ్లు వచ్చేవి.

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. చదివిన వాటిలో ఫిన్లాండ్ గురించిన రెండు సంగతులు మీరు తప్పక తెలుసుకోవాలని నా కోరిక. రెండూ ఒకే దేశానివి, దాదాపు ఒకే కాలానివి.

మొదటిది మాత్ర కథ. క్యారెట్లు, ఆకుకూరలు ఎక్కువ తినేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోందని అప్పటికి చాలా దేశాల్లో గమనించారు. వాటిలో ఉండేది బీటా కెరోటిన్ కాబట్టి దాన్నే మాత్రగా ఇచ్చి చూద్దామనుకున్నారు. 1985 నుంచి పొగతాగే మగవాళ్ళు 29,133 మందిని తీసుకుని కొందరికి రోజుకి 20 మిల్లీగ్రాముల చొప్పున ఏళ్ళ తరబడి ఇచ్చారు. 1994లో ఫలితాలు వచ్చాయి. మాత్ర వేసుకున్నవాళ్ళలో క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అమెరికాలో 18,314 మంది మీద ఇలాంటిదే ఇంకో పరీక్ష జరుగుతూ ఉంది. అందులో 28 శాతం పెరిగినట్టు కనపడేసరికి 1996లో, అనుకున్న గడువుకి 21 నెలల ముందే ఆపేశారు. ఆకులో ఉన్నప్పుడు ఎన్నో పదార్థాల నడుమ కొద్దికొద్దిగా వచ్చేదాన్ని ఒంటరిగా, కుప్పగా ఇస్తే పొగతో పాడైన ఊపిరితిత్తుల్లో అది వేరే పని చేసింది. అదీకాక, కూరలు తినేవాళ్ళకి మేలు చేసింది ఆ ఒక్క పదార్థమే అని ఎవరు చెప్పారు? ఒక క్యారెట్‌లో ఉన్నవి వందల రకాలు.

రెండోది పళ్ళెం కథ. 1970ల మొదట్లో ఫిన్లాండ్ తూర్పు సరిహద్దులోని ఉత్తర కరేలియాలో నడివయసు మగవాళ్ళు గుండెజబ్బుతో రాలిపోయేవాళ్ళు. ప్రపంచంలోకెల్లా ఎక్కువగా చనిపోయే చోట్లలో అదొకటి. పాడి ప్రాంతం. వెన్న, మాంసం, ఉప్పు, సిగరెట్లు. కూరలంటే పశువుల మేతగా చూసేవాళ్ళు. 1972లో పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి నాయకత్వంలో అక్కడ పని మొదలైంది. డాక్టర్లు చీటీలు రాయడంతో అది ఆగలేదు. మహిళా సంఘాలు ఊరూరా వంటలు చేసి చూపించాయి. బడి భోజనాలు మారాయి. పాడి రైతులు నష్టపోకుండా, ఆ చల్లటి నేలలో పండే బెర్రీ పండ్ల సాగుకి మళ్ళేలా ప్రభుత్వం సాయం చేసింది. నాలుగు దశాబ్దాల్లో అక్కడి పనిచేసే వయసు మగవాళ్ళలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఇందులో పెద్ద వాటా వెన్న, ఉప్పు, పొగాకు తగ్గించడానిది. కూరలదీ పండ్లదీ ఒక వాటా. ఎంత వాటా అని విడదీయడం కుదరదు, తినే మనిషి వాటిని విడదీసి తినడు కాబట్టి.

ఇంత చెప్పాక, కూరలు తింటే జబ్బులు రావని నేను మీకు రాసి ఇవ్వలేను. ఉన్న సాక్ష్యంలో చాలా భాగం, జనం ఏం తింటున్నారో, తర్వాత వాళ్ళకి ఏమైందో ఏళ్ళ తరబడి గమనించి రాసినదే. కూరలు ఎక్కువ తినేవాళ్ళు తక్కువ పొగ తాగుతారు, ఎక్కువ నడుస్తారు, కాస్త కలిగినవాళ్ళయి ఉంటారు. ఆ తేడాలన్నీ లెక్క కట్టి తీసేసినా ఇంకా మేలు మిగులుతోంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు 2017లో 95 పరిశోధనలను కలిపి చూస్తే, రోజుకి తినే కూరలు, పండ్లు 200 గ్రాములు పెరిగేకొద్దీ పక్షవాతం ముప్పు 16 శాతం, గుండెజబ్బు ముప్పు 8 శాతం తక్కువగా కనపడ్డాయి. కనీసం 400 గ్రాములు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజు మొత్తం తినేదాంట్లో దాదాపు సగం కూరలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలంది. ఆ సగానికీ మన 50 గ్రాములకీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి.

ఆ సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకి వచ్చింది. మన తెలుగు పళ్ళెం గురించి ప్రపంచానికి చెప్పిన పరిశోధనలు అక్కడ ఎన్నో జరిగాయి. మెంతుల సంగతే తీసుకోండి. 1990లో అక్కడి శాస్త్రవేత్తలు షుగరు రోగులకి నూనె తీసేసిన మెంతిపిండి రోజుకి 100 గ్రాములు రెండు పూటలా పంచి పెడితే, మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది, కొలెస్టరాల్ కూడా దిగింది. 100 గ్రాముల మెంతులు ఇంట్లో ఎవరూ తినలేరు, తర్వాత 25 గ్రాములతోనూ పరీక్షలు జరిగాయి. మెంతుల జిగురు పేగులో పిండిపదార్థాన్ని మెల్లగా వదిలేలా చేస్తుంది. మా అమ్మ మెంతి మజ్జిగ, మెంతికూర పప్పు, పులుసులో మెంతిపొడి అన్నీ చేసేది. వీటితో షుగరు నయం కాదు. కానీ తెల్లన్నం పక్కన అవి ఉండటం వేరు, లేకపోవడం వేరు.

మా ప్రాంతానికి మరీ దగ్గరి సంగతి ఇంకోటి ఉంది. కనిగిరి, దర్శి వైపు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. గారపళ్ళ పిల్లల్ని, ముప్ఫై దాటకముందే నడుము వంగిపోయినవాళ్ళ పిల్లల్ని నేను తరగతిలో కూర్చోబెట్టుకున్నాను. 2002లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే ఆరోగ్యంగా ఉన్న అబ్బాయిలకి భోజనంతో రోజుకి 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చి చూశారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ చెప్పుకోదగ్గంత పెరిగింది. మంచినీళ్ళు ఇవ్వాల్సిన బాధ్యత చింతపండు తీర్చదు. అయినా మా అవ్వలు చారులో, పులుసులో, చింతచిగురు పప్పులో రోజూ వాడిన దానికి ఇంత పని ఉందని తెలిసిన రోజున నేను చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను.

గోంగూర గురించి చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఎర్ర గోంగూర పువ్వు కింద ఎర్రగా ఉబ్బే రక్షక పత్రాలను కాచిన నీళ్ళు బీపీని దించుతాయని 2010లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో 65 మంది మీద చేసిన పరీక్షలో తేలింది. ఆరు వారాలు రోజుకి మూడు కప్పులు తాగినవాళ్ళకి పైబీపీ సగటున 7 పాయింట్లు తగ్గింది. దీన్ని పట్టుకుని గోంగూర పచ్చడి తింటే బీపీ తగ్గుతుందని ప్రచారం చేసేవాళ్ళని చూశాను. పరీక్ష చేసింది ఆకు మీద కాదు. పైగా మన పచ్చడిలో పడే ఉప్పు ఎంతో మనకి తెలుసు. గోంగూర పప్పు పిల్లలకి మంచిదే, దాని ఇనుముకి, పీచుకి, పులుపుకి. లేనిది అంటగట్టకుండానే ఇష్టంగా పెట్టొచ్చు.

మా చిన్నప్పుడు కలుపుకి వెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం కొంగులో ఆకు కట్టుకుని వచ్చేవాళ్ళు. గురుగాకు, చెంచలాకు, పాయలాకు, గలిజేరాకు, పొన్నగంటాకు. కందిచేలో తీసిన కలుపే రాత్రికి కూర. డబ్బు పెట్టి కొన్నది కాదు, నీళ్ళు పోసి పెంచింది కాదు. ఎండకీ పురుగుకీ తట్టుకుని తనంతట తాను మొలిచిన ఆకు కాబట్టి చేదూ వగరూ దానిలో ఎక్కువ. ఇప్పుడు చేలల్లో గడ్డి మందు కొడుతున్నారు. కూలి ఖర్చుకి తాళలేక కొడుతున్నారు, రైతుని నేను తప్పుపట్టను. కానీ ఒక తరం పిల్లలకి ఆ ఆకుల పేర్లే తెలియకుండా పోయాయి. ఎనిమిదో తరగతిలో ఒకసారి పొన్నగంటాకు తెచ్చి చూపిస్తే ఒక్క అమ్మాయి గుర్తుపట్టింది. వాళ్ళ అవ్వ మేకలకి వేస్తుందట.

ఇంట్లో పోయిన ఆ ఆకుని తిరిగి పెట్టగల చోటు ఇప్పుడు ఒక్కటే మిగిలింది. అది బడి. అందుకే మీకు రాస్తున్నాను, ఆరోగ్య శాఖకి కాదు.

కేంద్రం లెక్క ప్రకారం 2025 మే నుంచి వంట ఖర్చు ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 6 రూపాయల 78 పైసలు, పై తరగతులకి 10 రూపాయల 17 పైసలు. పప్పు, కూర, నూనె, పోపుదినుసులు, గ్యాస్ అన్నీ అందులోంచే రావాలి. మన రాష్ట్రం దాని మీద తన డబ్బు కలిపి గుడ్డూ చిక్కీ ఇస్తున్న సంగతి నాకు తెలుసు. అయితే ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది, వంటషెడ్డులో నిలబడ్డవాళ్ళకే అది తెలుస్తుంది. అన్నీ ఒకే పద్దులో ఉండటంవల్ల కందిపప్పు ధర పెరిగిన నెలలో కోత పడేది కూరకే. నూనె పెరిగినా కూరకే. మూడు వేల గౌరవవేతనంతో చేస్తున్న వంటమనుషులు బిల్లులు వచ్చేదాకా అంగడిలో అప్పు పెట్టి సరుకు తెస్తారు. అప్పులో తెచ్చేవాళ్ళు ఆకుకూర తేరు. ఏరి కడగడానికి గంట పడుతుంది, సాయంత్రానికి వాడిపోతుంది, తూకానికి రాదు. సొరకాయ, బంగాళాదుంప తెస్తారు. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే తెస్తాను.

అందుకని నేను అడిగేది కూరల డబ్బుని విడి పద్దు చేయమని. గుడ్డుకి విడిగా లెక్క ఉన్నట్టే కూరకీ ఉండాలి. ప్రతి పిల్లవాడికీ కనీసం 100 గ్రాములు, పెద్ద తరగతులకి 150, వారంలో మూడు రోజులు అందులో సగం ఆకుకూర. ఊళ్ళో డ్వాక్రా సంఘాల దగ్గర, 2016 నుంచి ప్రభుత్వమే ప్రోత్సహిస్తున్న ప్రకృతి సాగు రైతుల దగ్గర ఆ ఆకు కొనేలా, వారం తిరక్కుండా డబ్బు చేతికొచ్చేలా ఏర్పాటు ఉండాలి. ఆకు ఏరడానికి ప్రతి బడికీ ఒక మనిషి కూలి అదనంగా ఇవ్వండి. బడితోటలు పెంచమని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నీళ్ళు లేని మా వైపు బడుల్లో టమాటా మడులు బతకవు, ఫొటో తీసిన నెలకే ఎండిపోతాయి. మునగ బతుకుతుంది, కరివేపాకు బతుకుతుంది, గోడవారన బచ్చలి తీగ బతుకుతుంది, చేతులు కడిగిన నీళ్ళు చాలు. ఏ నేలలో ఏది బతుకుతుందో ఆ ఊరి వంటమనిషిని అడిగి నాటితే చాలు.

వంట పద్ధతి గురించి కూడా ఒక మాట. ఆకుకూరలో, క్యారెట్లో ఉన్న కెరోటిన్ ఒంటికి ఎక్కాలంటే పూటకి మూడు నుంచి అయిదు గ్రాముల నూనె చాలు, బడి భోజనంలో చిన్నపిల్లలకి తలకి ఇచ్చే 5 గ్రాముల నూనె లెక్క సరిగ్గా సరిపోతుంది. టమాటా ఎరుపు నూనెలో మగ్గితే ఇంకా బాగా ఎక్కుతుంది. ఆకు ఉడికించిన నీళ్ళు పారబోయకూడదు, నైట్రేట్ అందులోనే దిగుతుంది. వెల్లుల్లి దంచి పది నిముషాలు పక్కన పెట్టి తాలింపులో వేస్తే దాని గుణం నిలుస్తుంది. మీరు ఇస్తున్న రాగి జావలో కూడా పొట్టులోని వగరు చక్కెర మెల్లగా విడుదలయ్యేలా చేస్తుంది, కానీ అదే వగరు ఇనుముని పట్టేస్తుంది. రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పట్టిస్తే ఆ పట్టు కొంత సడలుతుంది. మధ్యాహ్నం అన్నంలో నిమ్మరసం పిండితే ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. రక్తహీనత ఇంతగా ఉన్న ఆడపిల్లలకి ఇది చిన్న విషయం కాదు. ఇవన్నీ వంటమనుషులకి ఒక పూట శిక్షణలో చెప్పొచ్చు. వాళ్ళకి సగం ముందే తెలుసు.

పిల్లలు ఆకుకూర తినరు, పళ్ళెంలో పక్కకి నెట్టేస్తారు అంటారు. నిజమే, నెట్టేస్తారు. మా బడిలో మొదటి నెల మునగాకు పప్పు సగం చెత్తబుట్టలోకే పోయింది. రెండో నెల నుంచి మునగాకుని నూనెలో వేయించి, నువ్వులు, ఎండుమిర్చి, చింతపండుతో పొడి కొట్టించాం. వేడన్నంలో మొదటి ముద్ద ఆ పొడితో. చెట్టు పిల్లల చేతే నాటించాం, కొమ్మలు వాళ్ళ చేతే కోయించాం. మూడో నెలకి పప్పులో ఆకు కూడా తిన్నారు. చేదు, వగరు, ఘాటు నాలుకకి అలవాటవడానికి పదిసార్లు, పదిహేనుసార్లు తగలాలి. ఇంట్లో ఆ ఓపిక ఉండదు, కూలికి పోయి వచ్చిన తల్లికి ఎలా ఉంటుంది? బడికి ఏడాదిలో 200కి పైగా పూటలు ఉన్నాయి.

ఇంకొక భయం ఉంది, దాచుకోను. మొక్కలోని మంచి అంటూ పొడులు, మాత్రలు, చాక్లెట్లు పట్టుకుని కంపెనీలు బడి గుమ్మం ఎక్కే రోజు వస్తుంది. ఇప్పటికే ఇళ్ళ గుమ్మం ఎక్కాయి. పసుపులో కర్క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతం, అదీ ఒంటికి సరిగ్గా ఎక్కదు. మిరియాల సారంతో కలిపి ఇస్తే 20 రెట్లు ఎక్కువ ఎక్కుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. మిరియాల పాలల్లో చిటికెడు పసుపు వేసిన మన అవ్వల చేతికి అది సరిపోయింది. కానీ అదే సూత్రంతో గాఢంగా చేసి అమ్మిన పసుపు మాత్రలవల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి. ఎవరైనా పిల్లలకి ఇలాంటి డబ్బా ఉచితంగా ఇస్తామని మీ దగ్గరికి వస్తే, దయచేసి తీసుకోకండి. ఆ డబ్బా ఖరీదుకి సరిపడా తోటకూర కట్టలు ఇవ్వమనండి.

ఈ ఉత్తరం చదివే షుగరు, బీపీ ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి, మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదు. కూర మందుకి బదులు కాదు. మాత్రలు ఆపకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఏ ఆకు ఎంత తినాలో డాక్టర్ని అడగండి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతున్నవాళ్ళు ఆకుకూరలు ఒక వారం బాగా తిని ఒక వారం మానేయకుండా ఒకే లెక్కలో తినాలి.

మంత్రిగారూ, జూన్ 12న బడులు తెరుస్తారు. ఆపై ఆషాఢం వస్తుంది. ఆషాఢంలో మునగాకు తినాలని మా వైపు ఆనవాయితీ. నేను రిటైరయ్యాక కూడా మా బడి వెనక పిల్లలు నాటిన ఆ నాలుగు మునగ చెట్లూ ఉన్నాయి, వంటషెడ్డు కప్పు మీదకి వంగాయి. మీ పర్యటన ఎప్పుడైనా ఇటువైపు ఉంటే, ముందుగా కబురు చేయకుండా, పదకొండు గంటలప్పుడు రండి. అప్పటికి కూరలు తరుగుతూ ఉంటారు. తక్కెడ గోడకి వేలాడుతూ ఉంటుంది. ఆ రోజు కూర మీరే తూకం వేయించి, పిల్లల సంఖ్యతో భాగించి, వచ్చిన అంకెని రిజిస్టర్లో మీ చేత్తో రాయండి.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
పశ్చిమ ప్రకాశం